నూట ఒక్క ఏళ్ళ అమ్మమ్మకి "ముప్పు ఎక్కువ" అన్న కిట్: గుండె, ఆయుష్షు జన్యు పరీక్ష మీద నా రివ్యూ

పుట్టిన సంవత్సరం ఎంచుకోమని యాప్‌లో ఒక జాబితా వచ్చింది. వేలితో తోసుకుంటూ కిందకి వెళ్తే 1930 దగ్గర ఆగిపోయింది. మా అమ్మమ్మ పుట్టింది 1924లో. నూరేళ్ళు బతికే యోగం మీ జన్యువుల్లో ఉందో లేదో చెప్తామని పెట్టె మీద బంగారు రంగులో అచ్చేసుకున్నవాళ్ళకి, నిజంగా నూరేళ్ళు దాటిన మనిషి ఆ పెట్టె తెరుస్తుందన్న ఊహే లేదన్నమాట. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. "దగ్గర్లో ఉన్న సంవత్సరం పెట్టేయండి మేడమ్, రిజల్ట్‌కి ఏం కాదు" అన్నాడు ఆ అబ్బాయి. సరేనని 1930 పెట్టాను.

కంపెనీ పేరు రాయను. ఈ తరహా కిట్ కొనాలనుకునేవాళ్ళకి నా అనుభవం పనికొస్తే చాలు. రేటింగ్ ఐదుకి రెండున్నర. ఆ రెండున్నర కూడా ఎక్కడెక్కడ ఇచ్చానో చెప్తాను.

నాకు 49 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కలు చెప్తాను, అందులో సంభావ్యత నాకు ఇష్టమైన పాఠం. మా నాన్న 54 ఏళ్ళకి గుండెపోటుతో పోయారు. అంతకు ముందు రోజు సాయంత్రం దాకా ఏ తేడా లేదు. అమ్మ వైపు చూస్తే అమ్మమ్మకి 101. కర్ర లేకుండా నడవదు కానీ నిన్న ఎవరు ఫోన్ చేశారో, ఏం మాట్లాడారో అక్షరం పొల్లుపోకుండా చెప్తుంది. ఆవిడ వయసు నిజమేనా అని అడిగేవాళ్ళకి ఆధారం కూడా ఉంది. ముత్తాత డైరీలో తారీఖు, వారంతో సహా ఒక వరుస రాసి పెట్టారు. ఇలా ఒక పక్క 54, ఇంకో పక్క 101 పెట్టుకుని మధ్యలో నేను. నాన్న వయసుకి ఇంకా ఐదేళ్ళే ఉందన్న టెన్షన్‌లో మూడు కిట్లు కొన్నాను: నాకు, అమ్మమ్మకి, తమ్ముడికి.

పరీక్ష చేయించుకోవడం సులువే, నోరు తడిగా ఉన్నవాళ్ళకి. అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. గొట్టంలో గీత దాకా ఉమ్మాలి, నురగ లెక్కలోకి రాదు. నాకు నాలుగు నిమిషాలు పట్టింది. అమ్మమ్మకి రెండు విడతల్లో యాభై నిమిషాలు. పెద్ద వయసులో, మాత్రలు వాడేవాళ్ళకి నోరు ఎండిపోతుంటుంది. ఆ సంగతి సూచనల కాగితంలో ఎక్కడా లేదు.

"నా ఉమ్ముతో వాళ్ళకేం పనే?" అంది.

"నీ లోపల ఏం రాసుందో చదువుతారట అమ్మమ్మా."

"నుదుటి మీద రాసింది ఎవరూ చదవలేకపోయారు. ఉమ్ములో చదువుతారా వీళ్ళు?"

మొదటిసారి పంపిన గొట్టంలో సరిపడా డీఎన్ఏ రాలేదని మెయిల్ వచ్చింది. రెండో గొట్టం ఉచితంగా పంపారు, ఈసారి ఉమ్మి బదులు బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దే రకం. అడక్కుండానే అది పంపినందుకు అర మార్కు. ఆరు వారాల్లో అన్న రిపోర్టు నాకు పదకొండో వారంలో వచ్చింది, అమ్మమ్మది ఇంకో నెలకి.

రిపోర్టు 34 పేజీలు. చూడ్డానికి బావుంది, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుండ్రాలు. అసలు వీళ్ళు చదివేదేమిటో ముందు తెలుసుకోవాలి. మన జన్యు రాత మూడు వందల కోట్లకి పైగా అక్షరాలు. ఈ కిట్లలో వాడే చిప్ అందులో ముందే ఎంచుకున్న ఆరేడు లక్షల చోట్ల మాత్రం ఏ అక్షరం ఉందో చూస్తుంది. మిగతా పుస్తకం తెరవదు. కాబట్టి "మీ జన్యువులన్నీ పరిశీలించాం" అన్న మొదటి పేజీ వాక్యం అబద్ధం కాకపోయినా నిజానికి చాలా దూరం.

నా గుండె పేజీలో పెద్ద ఎర్ర గుండ్రం 9పీ21 అనే చోట వచ్చింది. తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉన్న ఆ ముక్కకీ గుండె జబ్బుకీ సంబంధం ఉందని 2007లో రెండు బృందాలు విడివిడిగా, ఒకే సమయంలో కనుక్కున్నాయి. విచిత్రమేమిటంటే అక్కడ ప్రొటీన్ తయారుచేసే జన్యువే లేదు. కొలెస్ట్రాల్, బీపీ, షుగర్ వేటితోనూ ముడిపడకుండా ముప్పు పెంచుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున నాకు రెండు కాపీలూ ముప్పువే వచ్చాయట. కింద పెద్ద అక్షరాలతో "1.6 రెట్లు ఎక్కువ ముప్పు".

ఇక్కడ నాలో టీచర్ లేచింది. ఎవరికంటే 1.6 రెట్లు? రిపోర్టంతా వెతికితే 29వ పేజీలో సన్న అక్షరాల్లో దొరికింది: ఆ మార్పు ఒక్క కాపీ కూడా లేనివాళ్ళతో పోలిస్తే అట. అలాంటివాళ్ళు జనంలో మూడో వంతు కూడా ఉండరు. నాలా రెండు కాపీలున్నవాళ్ళు, 2007 నాటి ఆ అధ్యయనం లెక్కలోనే, దాదాపు 21 శాతం. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. మిగతావాళ్ళకి ఒక్కో కాపీ. అందరినీ కలిపి సగటు తీసి, ఆ సగటు మనిషితో నన్ను పోల్చుకుంటే 1.3 దగ్గరకి వచ్చింది. తరగతిలో ఆఖరి మార్కు వచ్చినవాడితో పోల్చి "మీవాడు రెట్టింపు తెలివైనవాడు" అని తల్లిదండ్రులకి చెప్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పైగా దేనికి 1.3 రెట్లు? ఊరికే అనుకుందాం, నా ఈడు ఆడవాళ్ళు వందమందిలో పదేళ్ళలో ముగ్గురికి గుండె జబ్బు వచ్చేదుంటే, నాలాంటివాళ్ళు వందమందిలో నలుగురికి వస్తుంది. "ముగ్గురికి బదులు నలుగురు" అంటే ఎవరూ భయపడరు. భయపడనివాళ్ళు ఏడాది చందా కట్టరు. ఆ పేజీ కిందే చందా బటన్ ఉంది మరి.

ఇంకో చోట నవ్వొచ్చింది. ఏసీఈ అని ఒక జన్యువు, రక్తపోటుని నడిపించే వ్యవస్థలోది. అందులో 287 అక్షరాల ముక్క ఒకటి కొందరిలో ఉంటుంది, కొందరిలో ఊడిపోయి ఉంటుంది. నాకు రెండు కాపీల్లోనూ లేదు. తొమ్మిదో పేజీలో గుండె కింద దానికి ఎర్ర గుండ్రం. ఇరవై ఒకటో పేజీలో ఆయుష్షు కింద అదే మార్పుకి ఆకుపచ్చ గుండ్రం! ప్రింటు తప్పేమో అనుకున్నాను. కాదు, రెండింటికీ ఆధారం ఉంది. 1992లో వచ్చిన ఒక అధ్యయనం ఈ ముక్క లేనివాళ్ళకి గుండెపోటు ముప్పు ఎక్కువన్నది. 1994లో ఫ్రాన్స్‌లో వందేళ్ళు దాటినవాళ్ళని పరీక్షిస్తే, అదే రకం వాళ్ళలో తక్కువ ఉండాల్సింది పోయి ఎక్కువ కనిపించింది. పరిశోధకులే తెల్లబోయారు. ఆ తర్వాత 2000లో వేలమంది రోగులతో పెద్ద ఎత్తున చూస్తే గుండెపోటుతో సంబంధం చెప్పుకోదగ్గంతగా లేదని తేలింది. వీళ్ళు మాత్రం పాత కాగితాలు రెండూ తెచ్చి చెరో పేజీలో అతికించారు. రిపోర్టు రాసిన మనిషి మొత్తం ఒకసారి చదువుకుని ఉంటే పట్టుకునేవాడే. మనిషి రాసిందో లేదో.

ఇక అమ్మమ్మ రిపోర్టు. దీని కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను.

గుండె జబ్బు జన్యు ముప్పు: ఎక్కువ. వందమందిలో 84వ స్థానం, అంటే 83 మంది కంటే ఎక్కువ ముప్పు. నాది 71. నాన్న గుండెపోటుతో పోయిన నాకంటే, 101 ఏళ్ళలో ఒక్కసారీ గుండె కోసం ఆస్పత్రిలో పడుకోని ఆవిడకి ఎక్కువ! "మీకు 75 ఏళ్ళు వచ్చేలోపు గుండె జబ్బు వచ్చే అవకాశం సగటు కంటే ఎక్కువ. ఇప్పటి నుంచే జాగ్రత్త పడండి" అని సలహా. 75 దాటి ఆవిడకి 26 ఏళ్ళయింది. 1930 అని పెట్టినా 95 అవుతుందిగా, ఆ మాత్రం తీసివేత కూడా యాప్ చేసుకోలేదు. రిజల్ట్‌కి ఏం కాదని ఆ అబ్బాయి చెప్పింది నిజమే, వయసు వాళ్ళు అసలు చూడనే లేదు.

దీర్ఘాయుష్షు స్కోరు: అమ్మమ్మకి 43. నాకు 68.

తమ్ముడు పడీపడీ నవ్వాడు. "అక్కా, ఈ లెక్కన నువ్వు 160 ఏళ్ళు ఉండాలి" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది కానీ, ఇది వీళ్ళ ల్యాబ్‌లో గొట్టాలు మారిపోవడం వల్ల కాదు. ఆవిడతో నాకు పాతిక శాతం చుట్టం అని రిపోర్టు సరిగ్గానే చెప్పింది, మనవరాలికి ఉండాల్సింది అంతే. స్కోరు వెనకున్న ఆలోచనే తేడా. నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు 2010లో సరిగ్గా ఈ ప్రశ్నే వేశారు. గుండె జబ్బు, క్యాన్సర్, టైప్ 2 డయాబెటిస్ ముప్పు పెంచే 30 జన్యు మార్పులు తీసుకుని, 90 దాటిన తోబుట్టువుల్లో ఎన్ని ఉన్నాయో, వాళ్ళకంటే చిన్నవాళ్ళైన మామూలు జనంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారు. తేడా లేదు. ముసలివాళ్ళూ అందరిలాగే అన్ని చెడ్డ కాపీలూ మోస్తున్నారు, మోస్తూనే 90 దాటారు. చెడ్డవి లేకపోవడం వల్ల కాదు వాళ్ళు అంతకాలం ఉన్నది. ఇంకేదో కాపాడుతోంది, లేదా అదృష్టం, లేదా రెండూ. ఈ కిట్ ఆయుష్షు స్కోరులో సగం పైగా "చెడ్డవి ఎన్ని తక్కువ" అన్న లెక్కే. అమ్మమ్మకి 43 రాక ఏమొస్తుంది?

మిగతాది ఫాక్సో3 లాంటి, దీర్ఘాయుష్షుతో ముడిపడ్డాయని పేరున్న జన్యువులు. హవాయిలోని జపాన్ సంతతి మగవాళ్ళ మీద జరిగిన అధ్యయనంలో 2008లో బయటపడింది అది, ఆ తర్వాత వేరే జనాల్లోనూ కనిపించింది. మంచి రకం కాపీ నాకు ఒకటుంది. అమ్మమ్మకి ఒక్కటీ లేదు.

ఉమ్మి చూసి ఆయుష్షు చెప్తామనేవాళ్ళు తెలుసుకోవాల్సిన కథ ఒకటుంది. బోస్టన్‌లో శతాధిక వృద్ధుల మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్న బృందం 2010లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వేసింది. 150 జన్యు మార్పులు చూసి ఎవరు నూరేళ్ళవాళ్ళో 77 శాతం కచ్చితంగా చెప్పగలమని. లోకమంతా వార్త అయింది. ఏడాది తిరిగేసరికి వ్యాసం వెనక్కి తీసుకున్నారు. మోసం కాదు. వందేళ్ళవాళ్ళ నమూనాలు కొన్నిటిని ఒక రకం చిప్ మీద, పోలిక కోసం తీసుకున్నవాళ్ళవి ఇంకో రకం చిప్‌ల మీద చదివారు. ఒక చిప్ కొన్ని చోట్ల తప్పు చదివేది. అది ఆయుష్షు తేడాలా కనబడింది. రెండు సెక్షన్ల పేపర్లు ఇద్దరు టీచర్లు దిద్దితే, ఒకరు చేయి జారిస్తే, ఆ సెక్షన్ పిల్లలు తెలివైనవాళ్ళని తేలినట్టు. లోపాలు సరిచేసి, 2012లో వేరే పత్రికలో మళ్ళీ వేసుకున్నారు. అంత అనుభవం ఉన్నవాళ్ళకే అలా అయింది. వీళ్ళ రిపోర్టులో 43, 68 అని పక్కన ఎంత అటూ ఇటూ ఉండొచ్చో కూడా రాయలేదు.

అసలు ఆయుష్షులో జన్యువుల వాటా ఎంత? డెన్మార్క్ కవలల మీద 1996లో వేసిన లెక్క నాలుగో వంతు అంది. 2018లో కోట్లమంది వంశవృక్షాలు చూసినవాళ్ళు అది పది శాతం లోపే అన్నారు. భార్యాభర్తలు ఒకేలా బతకడం, తమలాంటివాళ్ళనే చేసుకోవడం వల్ల పాత లెక్కలు ఉబ్బాయట. నూరు దాటేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళ ఇళ్ళల్లో అది కొంచెం వరసగా నడుస్తుంది. అయినా ఆ వరసలో నేను ఉన్నానో లేనో చెప్పే యంత్రం ఇది కాదు.

నాకు నిజంగా కోపం వచ్చింది మాత్రం ఇంకో చోట. రిపోర్టు పట్టుకుని మా డాక్టర్ దగ్గరకి వెళ్తే, ఆవిడ పేజీలు తిప్పకుండానే "మీ నాన్నగారిది చిన్న వయసు కదా, లైపోప్రోటీన్-ఏ ఎప్పుడైనా చేయించారా?" అని అడిగారు. లేదన్నాను. మామూలు రక్తపరీక్ష, జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. నా రిజల్ట్ లీటరుకి 148 నానోమోల్స్. 125 దాటితే ఎక్కువ కింద లెక్క, ప్రతి ఐదుగురిలో ఒకరికి అలా ఉంటుందట. 1963లో నార్వేలో కనుక్కున్న ఈ కణం చెడ్డ కొలెస్ట్రాల్ కణానికి తోక తగిలించినట్టుంటుంది. రక్తంలో ఎంత ఉండాలో దాదాపు జన్యువులే తేలుస్తాయి. వ్యాయామం, బరువు తగ్గడం దాన్ని పెద్దగా కదపవు. గుండె జబ్బులో వారసత్వం అంటే ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు. మరి నా రిపోర్టులో ఆ కణం ఎంత ఉండాలో తేల్చే ఎల్‌పీఏ జన్యువు పక్కన? ఆకుపచ్చ గుండ్రం. "సాధారణం."

ఎందుకలా అని ఆవిడే బొమ్మ గీసి చెప్పారు. ఆ జన్యువులో ఒక ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది, ఒకరికి నాలుగైదు సార్లు, ఇంకొకరికి నలభై సార్లు. తక్కువసార్లు వస్తే ప్రొటీన్ చిన్నది, రక్తంలో ఎక్కువ. చిప్‌కి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం రాదు. పక్కనున్న రెండు అక్షరాలు చూసి ఊహిస్తుంది. ఆ ఊహ ఐరోపా మూలాలవాళ్ళని చూసి నేర్చుకున్నది. ఇలాంటి అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్ళలో దాదాపు 79 శాతం ఆ మూలాలవాళ్ళేనని 2019లో లెక్క తేల్చారు. మిగతా లోకానికి అదే కొలబద్ద అతికిస్తున్నారు. ఇదైనా 31వ పేజీలో ఒక్క లైనులో ఒప్పుకున్నారు, "కొన్ని జనాభాలకు కచ్చితత్వం తగ్గవచ్చు" అని. ఏ జనాభాలు, ఎంత తగ్గొచ్చు? లేదు.

ఆ ఆకుపచ్చ గుండ్రం నమ్మి ఇంట్లో కూర్చుని ఉంటే? అందుకే రెండు మార్కులు నేరుగా కోసేశాను. తమ్ముడిని కూడా బలవంతంగా ఆ రక్తపరీక్షకి పంపాను. వాడి రిజల్ట్ 31 వచ్చింది. ఒకే తల్లి, ఒకే తండ్రి. "నాన్న కాపీ నీకొచ్చిందక్కా" అన్నాడు. నాన్నది ఎవరూ కొలవలేదు కాబట్టి అది వాడి ఊహే. అయినా ఆ రోజు వాడు ఇంకేం జోకులు వెయ్యలేదు.

బాగున్నవి కూడా చెప్పాలి. ఏపీఓఈ జన్యువు ఫలితాన్ని విడిగా తాళం వేసి పెట్టారు. ఈ2, ఈ3, ఈ4 అని మూడు రకాలు. ఈ4 కొలెస్ట్రాల్‌తో పాటు అల్జీమర్స్ ముప్పునీ పెంచుతుంది, అందుకే చూడాలా వద్దా అని ముందు రెండుసార్లు అడుగుతుంది, ఒక చిన్న వీడియో చూపిస్తుంది, అప్పుడు తెరుస్తుంది. ఆయుష్షుతో ముడిపడ్డ జన్యువుల్లో ఎన్నిసార్లు చూసినా అన్నిటికంటే గట్టిగా నిలబడింది ఇదే అనొచ్చు: నూరేళ్ళవాళ్ళలో ఈ4 అరుదు, ఈ2 కాస్త ఎక్కువ. నేను ఈ3, ఈ3. అమ్మమ్మ ఈ2, ఈ3. స్కోరు 43 ఇచ్చిన రిపోర్టులో నాకు అర్థవంతంగా అనిపించిన అక్షరాలు ఇవే, వాటిని 26వ పేజీలో దాచారు. ఆ తాళానికి పూర్తి మార్కు.

ఇంకో మార్కు కౌన్సెలర్‌కి. ఇరవై నిమిషాల ఫోన్ కాల్ ప్యాకేజీలోనే ఉంది, వదులుకోకండి. నా 71వ స్థానం గురించి అడిగితే 2016 నాటి ఒక పెద్ద అధ్యయనం చెప్పింది ఆ అమ్మాయి. 55 వేల మందికి పైగా ఉన్నారు అందులో. జన్యు ముప్పు బాగా ఎక్కువున్నవాళ్ళలో కూడా పొగ తాగకపోవడం, బరువు అదుపులో ఉంచుకోవడం, వ్యాయామం చెయ్యడం, తిండి చూసుకోవడం, ఈ నాలుగిట్లో కనీసం మూడు పాటించినవాళ్ళకి, ఒక్కటి మాత్రమే పాటించిన లేదా ఏదీ పాటించనివాళ్ళతో పోలిస్తే గుండె జబ్బు 46 శాతం తక్కువ వచ్చిందట. చెప్పిన తీరు బావుంది, భయపెట్టలేదు, బుజ్జగించలేదు.

తర్వాత ఆయుష్షు స్కోరు సంగతి అడిగాను.

"అది కొంచెం సరదా కోసం పెట్టింది మేడమ్."

"మరి మొదటి పేజీలో ఎందుకుంది?"

కాసేపు ఏం మాట్లాడలేదు. "ఫీడ్‌బ్యాక్ రాయండి, నేనూ రాశాను" అంది మెల్లగా. పాపం, ఆ అమ్మాయిని ఏమీ అనలేకపోయాను.

మిగతా అర మార్కు ముందే ఇచ్చాను, దూదిపుల్లకి. డేటా విషయంలో ఒక మాట: పరిశోధనకి వాడుకోవడానికి ఒప్పుకుంటున్నా అన్న గడిలో ముందే టిక్ పెట్టి ఉంది. నాది తీసేశాను. అమ్మమ్మది ఆవిడనే అడిగాను. "పనికొస్తే వాడుకోమను" అంది. నమూనా ధ్వంసం చెయ్యమని అడిగే చోటు సెట్టింగ్స్‌లో నాలుగు మెట్లు కింద ఉంది, ఉండటం వరకు ఉంది.

ఎవరు కొనాలి? నన్నడిగితే, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు ఉన్నవాళ్ళు ముందు కొలెస్ట్రాల్, లైపోప్రోటీన్-ఏ, బీపీ, షుగర్ చూపించుకుని, ఎల్‌డీఎల్ (అదే, చెడ్డ కొలెస్ట్రాల్) మరీ ఎక్కువుంటే డాక్టర్ చెప్పిన జన్యు పరీక్ష చేయించుకోవాలి. పుట్టుకతోనే ఎల్‌డీఎల్ విపరీతంగా ఉండే వారసత్వ జబ్బు దాదాపు 250 మందిలో ఒకరికి ఉంటుంది, అది పట్టుకోవడానికి ఆ జన్యువుల్ని మొదటి నుంచి చివరి దాకా చదివే పరీక్ష కావాలి, ఈ చిప్ కాదు. నేను ఇప్పుడు కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర, స్టాటిన్ వాడుతున్నాను. అది కిట్ చెప్పడం వల్ల కాదు, 148 వల్ల.

తమ్ముడి కిట్ ఇంకా సీలు తియ్యలేదు. వాడు సిగరెట్ మానడు. 122 ఏళ్ళు బతికిన ఫ్రాన్స్ ఆవిడ జాన్ కాల్మాన్ నూరు దాటాక కూడా తాగిందని ఎక్కడో చదివి నాకే పాఠం చెప్తాడు. ఒక్క మనిషితో సగటు కట్టకురా అంటే వినడు.

పోయిన వారం అమ్మమ్మ ఖాతాకి కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. బుడగల బొమ్మలు, పైన "మీకు 95వ పుట్టినరోజు శుభాకాంక్షలు", కింద దీర్ఘాయుష్షు స్కోరు 43 నుంచి పెంచుకోవడానికి చందాలో రాయితీ. చదివి వినిపించాను. తప్పు దిద్దమని వాళ్ళకి రాయనా అని అడిగాను.

"ఎందుకే, ఆరేళ్ళు తగ్గించారుగా. ఉండనీ" అంది.